బస్సు మెట్టు దగ్గర ఆగిపోయే చదువు



ఈ పేజీలో మామూలుగా పరీక్షల తేదీలు, స్కాలర్‌షిప్ కాగితాలు, మీటింగుల సంగతులు రాస్తుంటాను. ఈసారి ఒక విషయం కాస్త వివరంగా మాట్లాడాలనుకుంటున్నాను. ఇది మన హోబళిలో చాలా ఇళ్లకు తగిలే సంగతి. తగలని ఇళ్లకు కూడా రేపు తగలవచ్చు.

మొన్న ఒక తల్లి మా ఆఫీసు గదికి వచ్చింది. ఆమె కొడుకు ఏడో తరగతి. పుట్టినప్పటి నుంచి కాళ్ల కండరాలు బిగుసుకుపోయే ఇబ్బంది ఉంది. సెరిబ్రల్ పాల్సీ అంటారు. పిల్లవాడి చదువుకు ఏ లోటూ లేదు, లెక్కలంటే ప్రాణం. ఇన్నేళ్లూ ఆమే చంకనెత్తుకుని బడి గేటు దాకా తెచ్చింది. వచ్చే జూన్‌లో వాడు హైస్కూలుకు పోవాలంటే ముళబాగిలు బస్సెక్కాలి. ఆమె అన్న మాట ఇది: "ఇంక చాలు సార్. వాడు ఇప్పుడు నాకంటే బరువు. బస్సు మెట్టు మీదికి వాణ్ణి ఎత్తే బలం నాకు లేదు. ఏడు దాకా చదివించినాను కదా, ఇంట్లోనే ఉండనీ."

పేర్లు రాయకుండా ఈ మాట రాసుకోమని ఆమే ఒప్పుకుంది. ఆమెకు నేను ఆ రోజు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇంటికి పోయినాక ఆలోచిస్తే ఒకటి అర్థమైంది. ఆ పిల్లవాడికి హైస్కూలు ఉంది, సీటు ఉంది, పుస్తకాలు ఉన్నాయి, చదవాలన్న ఆశ ఉంది, రోజూ బస్సు కూడా ఉంది. నేల నుంచి బస్సు లోపలి దాకా ఉన్న మూడడుగుల ఎత్తు ఒక్కటే వాడి చదువుకు అడ్డం పడుతోంది.

ఇట్లాంటివాళ్లు ఎంతమంది?

2011 జనగణన ప్రకారం మన దేశంలో వైకల్యం ఉన్నవాళ్లు 2 కోట్ల 68 లక్షల మంది. వాళ్లలో 1 కోటి 86 లక్షల మంది పల్లెల్లోనే ఉన్నారు. ఒక్క కర్ణాటకలో 13 లక్షలకు పైన. నడకకు ఇబ్బంది ఉన్నవాళ్లు దేశంలో సుమారు 54 లక్షలు, చూపు ఇబ్బంది 50 లక్షలు, వినికిడి ఇబ్బంది కూడా దాదాపు 50 లక్షలు. అదే జనగణన చెప్పిన ఇంకో లెక్క నన్ను ఎక్కువ బాధపెట్టింది. వైకల్యం ఉన్న 5 నుంచి 19 ఏళ్ల పిల్లల్లో వందకు 61 మందే చదువుకుంటున్నారు. మిగిలినవాళ్లలో ఎంతమంది మన ఏడో తరగతి అబ్బాయిలాగా రోడ్డు మీదనే ఆగిపోయారో ఆ లెక్కలో ఉండదు.

ఇది చిన్నపిల్లల సంగతే కాదు. మోకాళ్లు అరిగిన అవ్వ, నెలలు నిండిన కోడలు, కాలు విరిగి పిండికట్టు కట్టించుకున్న కూలీ, అందరికీ ఆ మెట్టు అడ్డమే. కేజీఎఫ్ వైపు చుట్టాలున్నవాళ్లకు ఇంకోటి తెలుసు. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. కానీ ఆ గనుల్లో రాతిధూళి పీల్చి ఊపిరితిత్తులు పాడైన పెద్దవాళ్ల దగ్గు మాత్రం ఆ రోజుతో ఆగలేదు. కాళ్లు బాగానే ఉంటాయి, నాలుగు మెట్లు ఎక్కితే ఊపిరి ఆడదు. బయటికి కనిపించని వైకల్యం అట్లా ఉంటుంది.

నా చిన్నప్పుడు ప్రతి ఊళ్లో పోలియో వచ్చిన పిల్లలు ఒకరిద్దరైనా ఉండేవాళ్లు. బస్సు మెట్ల మీద చేతులు ఆనించి పాకుతూ ఎక్కే తోటి పిల్లలను చూస్తూ పెరిగాను. పోలియో చుక్కలు ఆ జబ్బును గెలిచాయి. 2011 జనవరి తర్వాత మన దేశంలో సహజ (వైల్డ్) పోలియో కేసు రాలేదు, 2014 మార్చిలో పోలియో లేని దేశమని ప్రకటించారు. అంత పెద్ద జబ్బును తరిమేసిన దేశం బస్సు మెట్టును మాత్రం దించలేకపోయింది. పిలిచే పేర్లు మాత్రం చాలాసార్లు మార్చుకున్నాం. ఒకప్పుడు వికలాంగులు అన్నాం. ఇప్పుడు కేంద్రం దివ్యాంగులు అంటుంది, కర్ణాటక విశేషచేతనులు అంటుంది, ఆంధ్రప్రదేశ్ విభిన్న ప్రతిభావంతులు అంటుంది. పేరు మారినా మెట్టు ఎత్తు మారలేదు.

ఆ మెట్టు అంత ఎత్తు ఎందుకు?

పిల్లలూ, ఇది మీకోసం. మన పల్లెకు వచ్చే బస్సుల్లో ఎక్కువవాటికి కింద ఉండేది లారీకి ఉండేలాంటి చట్రమే. ఇంజను ముందు డ్రైవరు పక్కన ఉంటుంది. అక్కడి నుంచి వెనక చక్రాలకు బలం అందించే ఇనుప షాఫ్టు బస్సు పొడవునా నేల కిందనే పోతుంది. దాని పైన చట్రం, చట్రం పైన నేల. అందుకే నేల అంత ఎత్తుకు పోతుంది. నగర బస్సులకు కేంద్రం రాసిన ప్రమాణాల్లో మూడు రకాలున్నాయి. నేల 40 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే లో ఫ్లోర్, 65 అయితే సెమీ లో ఫ్లోర్, 90 అయితే మామూలు బస్సు. లో ఫ్లోర్ బస్సులో ఇంజను వెనకకు పోతుంది, నేల కిందికి దిగుతుంది, తలుపు దగ్గర మడతపెట్టే ర్యాంపు ఉంటుంది. వీల్‌ఛైర్ నేరుగా లోపలికి పోవచ్చు.

మరి మనకు అవే తెప్పించుకోవచ్చు కదా అంటే, అంత సులభం కాదు. వాటి ధర చాలా ఎక్కువ. గుంతలున్న పల్లె రోడ్డు మీద, వంకలు దాటే చోట, స్పీడ్ బ్రేకర్ల మీద వాటి అడుగు నేలకు రాసుకుంటుంది. ఆర్టీసీవాళ్లు ఈ మాట చెప్పినప్పుడు అందులో నిజం ఉంది, సాకు అని కొట్టిపారేయకూడదు. అయితే బస్సును కిందికి దించలేకపోతే నేలను పైకి లేపవచ్చు. దాని గురించి తర్వాత చెప్తాను.

చట్టం ఏమంటుంది?

1995లోనే మొదటి చట్టం వచ్చింది. అది ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది. దాని స్థానంలో 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. ఇందులో 21 రకాలున్నాయి. సెక్షన్ 41 రవాణా గురించే. బస్ స్టాపులు, రైల్వే స్టేషన్లు, టికెట్ కౌంటర్లు, రోడ్లు అందరూ వాడుకునేలా ప్రభుత్వం చేయాలంటుంది. పాత వాహనాలను కూడా మార్చాలంటుంది. కానీ ఆ మాట చివర ఒక తోక ఉంది: సాంకేతికంగా వీలైతే, ఖర్చు గిట్టుబాటైతే, పెద్ద మార్పులు అక్కరలేకపోతే. పాత బస్సులన్నీ ఆ తోక చాటున దాక్కుంటున్నాయి.

కొత్త బస్సులకు మాత్రం ఆ సాకు లేదు. మోటారు వాహనాల నియమాలను కేంద్రం 2019 డిసెంబరులో మార్చింది. 2020 మార్చి 1 నుంచి బస్సుల్లో వికలాంగులకు ప్రత్యేక సీట్లు, గుర్తులు, పట్టుకునే రాడ్లు, చేతికర్రలు, వాకర్లు పెట్టుకునే బిగింపులు ఉండాలి. వీల్‌ఛైర్ ఎక్కించి కదలకుండా నిలిపే ఏర్పాటు గురించీ అందులో ఉంది. ఫిట్‌నెస్ పరీక్షలో ఇవి చూడాలి. ఈసారి మీరు బస్సెక్కినప్పుడు వీటిలో ఎన్ని కనిపిస్తాయో లెక్కపెట్టండి.

ఇప్పుడు సుప్రీంకోర్టు సంగతి. రాజీవ్ రటూరి అనే చూపు లేని ఒక కార్యకర్త 2005లో వేసిన కేసు ఇది. రోడ్లు, బస్సులు, రైళ్లు, ఆఫీసులు మాకూ అందుబాటులోకి రావాలని అడిగాడు. 2017 డిసెంబరులో కోర్టు గడువులు పెట్టి ఆదేశాలిచ్చింది. అవి ఎంతవరకు జరిగాయో చూసి చెప్పమని తర్వాత హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయానికి అప్పగించింది. మన తెలుగు నేల మీదున్న ఆ సంస్థ ఇచ్చిన నివేదికను ఆధారం చేసుకుని 2024 నవంబరు 8న కోర్టు ఒక ముఖ్యమైన తీర్పు చెప్పింది. చట్టమేమో "చేయాలి" అంటుంది. దాని కింద రాసిన 2017 నియమాల్లో 15వ నియమమేమో ప్రమాణాలను సలహాల్లాగా మార్చేసింది. ఇది చట్టానికే విరుద్ధమని కోర్టు తేల్చింది. తప్పనిసరిగా పాటించాల్సిన కనీస ప్రమాణాలు వేరుగా రాయమని కేంద్రానికి మూడు నెలల గడువు పెట్టింది.

పిల్లలూ, వ్యాకరణం ఎందుకు సార్ అని మీరు అడుగుతుంటారు కదా. "చేయవచ్చు" అనే మాటకు, "చేయాలి" అనే మాటకు ఉన్న తేడా కోసం ఒక మనిషి దాదాపు 20 ఏళ్లు కోర్టు చుట్టూ తిరిగాడు.

ఇంకో కేసు కూడా గుర్తు చేస్తాను. 2012లో జీజా ఘోష్ అనే మహిళను, సెరిబ్రల్ పాల్సీ ఉందన్న కారణంతో, కోల్‌కతాలో విమానం నుంచి దించేశారు. 2016లో సుప్రీంకోర్టు ఆమెకు 10 లక్షల రూపాయల పరిహారం ఇప్పించింది. ఆమెకున్నదీ, మన అబ్బాయికున్నదీ ఒకటే ఇబ్బంది. విమానం ఎక్కిన మనిషిని దించితే అది కోర్టు దాకా పోయింది. పల్లె బస్సు ఎక్కలేక ఇంట్లో కూర్చున్న పిల్లవాడిని ఎవరూ దించలేదు కాబట్టి అది ఏ కోర్టుకూ పోలేదు. ఎవరి తప్పూ కనిపించని అన్యాయం ఎక్కువ కాలం బతుకుతుంది.

టికెట్ ఉంది, ఎక్కడమెట్లా?

మన ప్రభుత్వాలు ఏమీ చేయలేదని నేను అనను. కేఎస్‌ఆర్‌టీసీ వికలాంగులకు సంవత్సరానికి 660 రూపాయలకు పాసు ఇస్తుంది. ఉండే ఊరి నుంచి 100 కిలోమీటర్ల దాకా తిరగవచ్చు. చూపు లేనివాళ్లకు ఉచిత పాసు ఉంది. 2023 జూన్ 11 నుంచి శక్తి పథకం కింద కర్ణాటక ఆడవాళ్లందరికీ మామూలు బస్సుల్లో టికెట్ లేదు. సరిహద్దు దాటితే ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి వచ్చింది. తెలంగాణలో 2023 డిసెంబరులోనే మహాలక్ష్మి మొదలైంది. శక్తి వల్ల మన ఊళ్ల ఆడపిల్లలు ఎంతమంది కాలేజీకి పోగలుగుతున్నారో నాకు తెలుసు. అది మంచి పని.

కానీ ఒక్కటి గమనించండి. ఇవన్నీ జేబుకు సాయం. కాలికి, కంటికి, చెవికి సాయం కాదు. పైగా బస్సుల్లో జనం పెరిగారు. బస్సుల సంఖ్య, నిలిచే సమయం ఆ లెక్కన పెరగకపోతే, నెమ్మదిగా ఎక్కేవాళ్లు వెనకబడిపోతారు. బస్సు ఆగీ ఆగగానే పదిమంది తోసుకుంటూ ఎక్కే చోట, కర్ర పట్టుకున్న మనిషి చివరికి మిగిలిపోతాడు. అతనికి రాసిపెట్టిన సీటులో అప్పటికే ఒకరు కూర్చుని ఉంటారు. ఉచిత టికెట్ తప్పు కాదు. దానితో పాటు చేయాల్సిన రెండో పని మిగిలిపోయింది.

దేశం మొత్తం చూసినా అంతే. 2015 డిసెంబరు 3న కేంద్రం సుగమ్య భారత్ అభియాన్ మొదలుపెట్టింది. ప్రభుత్వ బస్సుల్లో నాలుగో వంతు పూర్తిగా అందుబాటులోకి తేవాలన్నది గురి. కొన్నేళ్ల తర్వాత పార్లమెంటులో చెప్పిన లెక్క ప్రకారం, పూర్తిగా అందుబాటులో ఉన్నవి వందకు ఆరు బస్సులే. కొంతవరకు మార్చినవి మరో 29.

పాసు తెచ్చుకోవడమూ తేలిక కాదు. ముందు యూడీఐడీ కార్డు కావాలి. దానికి డాక్టర్ల పరీక్ష కావాలి. మన జిల్లాలో అందుకు ఎక్కువమంది కోలారు ఎస్‌ఎన్‌ఆర్ ఆస్పత్రికే పోతారు. అంటే బస్సెక్కలేనని రుజువు చేయడానికి రెండు బస్సులు ఎక్కి కోలారు పోవాలి! తర్వాత సేవాసింధులో అర్జీ పెట్టాలి. అక్కడ ఉండేది కన్నడ, ఇంగ్లీషు. మన ఇళ్లలో తెలుగు తప్ప చదవలేని పెద్దవాళ్లకు అదో మెట్టు. బస్సు బోర్డు కన్నడలోనే ఉంటే, చెవులు వినపడని తెలుగు పెద్దాయనకు కండక్టరు కేకా అందదు, బోర్డూ అందదు. కన్నడ నేర్చుకోవాలి, అందులో నాకు రెండో మాట లేదు. మన పిల్లలు నేర్చుకుంటున్నారు కూడా. బోర్డు మీద నంబరు పెద్దగా, వెలుతురులో కనిపించేలా ఉంటే అన్ని భాషలవాళ్లకూ పనికొస్తుంది కదా.

వేరేచోట్ల ఎట్లా చేశారు?

అమెరికాలో డెన్వర్ అనే ఊరుంది. 1978 జులై 5, 6 తేదీల్లో అక్కడ 19 మంది వికలాంగులు రెండు బస్సులను నడిరోడ్డు మీద ఆపేశారు. వీల్‌ఛైర్లు దిగి రాత్రంతా బస్సుల ముందు, వెనక రోడ్డు మీదే ఉన్నారు. వాళ్లడిగింది ఒక్కటే: మేమూ ఎక్కే బస్సులు కావాలి. ఆ ఊరి బస్సులకు తర్వాత లిఫ్టులు వచ్చాయి. 1990లో ఆ దేశం మొత్తానికీ చట్టం వచ్చింది, కొత్తగా కొనే ప్రభుత్వ బస్సు ప్రతిదీ వీల్‌ఛైర్ ఎక్కేలా ఉండాలని. లండన్‌లో 2005 చివరికల్లా మామూలు రూట్ల బస్సులన్నీ లో ఫ్లోర్ అయిపోయాయి. అవి ధనిక దేశాలు అంటారు. నిజమే. అయితే అవి కూడా ఒక్కరోజులో మార్చలేదు. కొత్తగా కొనేటప్పుడల్లా సరైనదే కొంటూ పోయారు, పాతవి అరిగి పక్కకు పోయేసరికి పని అయిపోయింది. ఆ పద్ధతికి డబ్బు కంటే పట్టుదల ఎక్కువ కావాలి.

మన రాష్ట్రంలోనే రెండు ఉదాహరణలున్నాయి. హుబ్బళ్లి, ధారవాడల మధ్య 2018 నుంచి చిగరి బస్సులు తిరుగుతున్నాయి. అక్కడ బస్సు నేల ఎత్తుకు సమానంగా స్టేషను అరుగును కట్టారు. తలుపు తెరిస్తే మెట్టే ఉండదు, గుమ్మం దాటినట్టు లోపలికి నడిచిపోవడమే. మైసూరు నగర బస్సుల్లో చూపు లేనివాళ్ల కోసం ధ్వనిస్పందన అనే ఏర్పాటు చేశారు. చేతిలో చిన్న పరికరం ఉంటుంది. బటన్ నొక్కితే దగ్గరికి వచ్చే బస్సు నంబరు చెప్తుంది. తమకు కావలసిన బస్సును ఎంచుకుంటే, ఆ బస్సు తలుపు దగ్గర స్పీకరు మోగుతుంది. ఆ శబ్దాన్ని పట్టుకుని తలుపు దగ్గరికి పోవచ్చు. ఎవరినీ "ఇది ఏ బస్సు నాయనా" అని అడుక్కోనక్కరలేదు.

అన్నీ నగరాలే, మన బైరకూరు హోబళికి ఇవన్నీ ఎప్పుడొస్తాయి అనుకోవచ్చు. అందుకే మనకు వీలైనదేమిటో చూద్దాం.

మన ఊరికి సరిపడే పని

మన ఇళ్ల ముందు అరుగులుంటాయి కదా. బస్సు ఆగేచోట కూడా ఒక అరుగు కావాలి. లెక్క చేసి చూడండి. వీల్‌ఛైర్ ఎక్కే ర్యాంపుకు ప్రమాణం ఒకటికి పన్నెండు. అంటే ఒక అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు. 25 సెంటీమీటర్ల అరుగు కడితే దానికి ర్యాంపు 3 మీటర్లు చాలు. బస్సు ఆ అరుగును ఆనుకుని ఆగితే, మొదటి మెట్టు మోకాలి ఎత్తు నుంచి మామూలు ఇంటి మెట్టంత ఎత్తుకు వస్తుంది. కర్రతో నడిచేవాళ్లు, అవ్వాతాతలు, గర్భిణులు చాలామంది సొంతంగా ఎక్కగలుగుతారు. 90 సెంటీమీటర్ల నేల ఎత్తుకే అరుగు కట్టాలంటే ర్యాంపు 10.8 మీటర్లు కావాలి. అది ప్రతి స్టాపులో కుదరదు. ముళబాగిలు లాంటి తాలూకా బస్టాండులో ఒక ప్లాట్‌ఫారానికి అడగడం మాత్రం అన్యాయమైన కోరిక కాదు.

అరుగు కడితే సరిపోదు, బస్సు దాని దగ్గరే ఆగాలి. ఇప్పుడు మన బస్సులు రోడ్డు మధ్యలో ఆగుతున్నాయి. పక్కన బండ్లు నిలిపి ఉంటాయి, మట్టి కోసుకుపోయి గుంత ఉంటుంది. అది డ్రైవరు తప్పు ఒక్కటే కాదు. స్టాపు ముందు బైకులు నిలిపేది మనమే. అక్కడ బైకు నిలపకపోవడానికి ఏ నిధులూ అక్కరలేదు.

ఇద్దరు ముగ్గురి కోసం ఇంత చేయాలా అని కొందరు అడుగుతారు. స్టాపులో ఇద్దరు ముగ్గురే కనిపిస్తున్నారంటే కారణం ఉంది. ఎక్కలేనివాళ్లు స్టాపుకే రారు. వంతెన లేని ఏటి దగ్గర నిలబడి, దాటేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి వంతెన వద్దు అన్నట్టుంటుంది ఆ లెక్క.

ప్రభుత్వం మూడు చక్రాల బండ్లు, పక్క చక్రాలు బిగించిన స్కూటర్లు ఇస్తోంది కదా అని కూడా అంటారు. మంచిదే. అవి నడపగల పెద్దవాళ్లకు ఉపయోగం. పన్నెండేళ్ల పిల్లవాడు స్కూటరు నడపలేడు, చూపు లేని అక్క నడపలేదు. అందరికీ తలా ఒక బండి ఇవ్వడం కంటే అందరూ ఎక్కే ఒక బస్సు ఉండడం ఎక్కువ మందికి చేరుతుంది.

ఎవరం ఏం చేయవచ్చు?

తల్లిదండ్రులకు: ఇంట్లో వైకల్యం ఉన్న బిడ్డ గానీ, పెద్దవాళ్లు గానీ ఉంటే ముందు యూడీఐడీ కార్డు చేయించండి. కార్డు లేనివాళ్లు ప్రభుత్వ లెక్కలో లేనట్టే. ప్రతి గ్రామ పంచాయతీకి వీఆర్‌డబ్ల్యూ అనే పునర్వసతి కార్యకర్త ఉంటారు, తాలూకాకు ఎంఆర్‌డబ్ల్యూ ఉంటారు. వాళ్లను కలవండి. అర్జీలు కన్నడలో నింపడం కష్టమైతే శనివారం మధ్యాహ్నం బడి అయ్యాక కాగితాలు తీసుకుని రండి. నేనూ, మా కన్నడ మేడమూ కూర్చుని నింపిస్తాం.

పంచాయతీ దగ్గర: పంచాయతీ సొంత ఆదాయంలో 5 శాతం వికలాంగుల కోసం ఖర్చు పెట్టాలి. దాన్ని దేనికి వాడారని గ్రామసభలో అడిగే హక్కు మీకుంది. ఈసారి స్టాపు దగ్గర అరుగు, ర్యాంపు అడగండి. నోటితో అడిగి వదిలేయకుండా రాసిచ్చి, తీసుకున్నట్టు సంతకం తీసుకోండి.

ఆర్టీసీ దగ్గర: ముళబాగిలు డిపో మేనేజరుకు, కోలారు డివిజనల్ కంట్రోలరుకు అర్జీ రాయవచ్చు. అందులో పెద్ద కోరికలు రాయకండి. ఏ స్టాపు, ఏ సమయం బస్సు, ఏ ఇబ్బంది అని స్పష్టంగా రాయండి. ప్రత్యేక సీటు గుర్తు చెరిగిపోయింది, తలుపు దగ్గర రాడ్డు ఊడిపోయింది అని రాస్తే వాళ్లు ఆ వారమే చేయగలరు. ఎక్కడా జవాబు రాకపోతే బెంగళూరులో వికలాంగుల రాష్ట్ర కమిషనర్ ఉన్నారు, ఫిర్యాదులు వినడమే ఆ ఆఫీసు పని.

పిల్లలకు: మీకు మూడు పనులు. ఒకటి, టేపు తీసుకుని మీ ఊరి స్టాపులో బస్సు ఆగినప్పుడు నేల నుంచి మొదటి మెట్టు ఎత్తు కొలవండి. డ్రైవరన్నకు ముందు చెప్పి, పెద్దవాళ్లను పక్కన పెట్టుకుని, బస్సు పూర్తిగా ఆగినాకే కొలవాలి. ఊరి పేరు, ఎత్తు రాసి తెండి. అన్నీ కలిపి బడి గోడ మీద పట్టిక వేద్దాం. రెండు, మక్కళ గ్రామసభ జరిగినప్పుడు ఆ పట్టికను అధ్యక్షులకు, పీడీఓ గారికి మీరే ఇవ్వండి. పిల్లల మాట వినడానికే ఆ సభ పెట్టారు. మూడు, బస్సులో వికలాంగుల సీటులో కూర్చుని ఉంటే, అవసరమైనవాళ్లు రాగానే లేవండి. ఎవరైనా చెప్పేదాకా ఆగకండి. సాయం చేసేముందు "చెయ్యి పట్టుకోమంటారా?" అని అడగండి. చూపు లేనివాళ్ల చెయ్యి పట్టి లాగకూడదు, మన మోచేతిని వాళ్లు పట్టుకోవాలి.

ఇంక నేను చేయాల్సినది. 2016 చట్టంలోనే సెక్షన్ 16 ఉంది. వైకల్యం ఉన్న పిల్లలకు, ఎక్కువ సాయం కావలసిన పిల్లల వెంట వచ్చేవాళ్లకు కూడా, రవాణా ఏర్పాటు ఉండాలంటుంది. సమగ్ర శిక్షలో ఇట్లాంటి పిల్లలకు ఒక్కొక్కరికి సంవత్సరానికి 3,500 రూపాయల దాకా కేటాయింపు ఉంది. రవాణా భత్యం, తోడు వచ్చేవాళ్లకు భత్యం అందులో భాగాలు. ముళబాగిలు బీఆర్‌సీలో ఈ పిల్లల కోసమే బీఐఈఆర్‌టీ ఉపాధ్యాయులు ఉన్నారు. ఆ తల్లి వచ్చిన రోజు ఇవన్నీ ఆమెకు చెప్పి ఉండాల్సింది. ఉద్యోగంలో ఇన్నేళ్లున్నా ఈ సెక్షన్లు నేను ఆ రాత్రే కూర్చుని చదివాను. అది నా తప్పు, ఒప్పుకుంటున్నాను.

మరుసటి రోజు వాళ్లింటికి పోయాను. ఆ అబ్బాయి వివరాలు బీఆర్‌సీకి పంపుతున్నానని, రవాణా భత్యానికి రాస్తున్నానని ఆమెతో చెప్పాను. నెలకు మూడు వందలు కూడా రాని ఆ భత్యంతో రోజూ ఆటోకు సరిపోదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. అందుకే మన స్టాపులో అరుగు కావాలి, ఆ బస్సు అరుగు పక్కన ఆగాలి, పొద్దున బస్సులో పోయే పెద్ద పిల్లలు ఇద్దరు వాడికి తోడుండాలి. ఈ మూడూ కుదిరితే వాళ్లమ్మ వాణ్ణి ఎత్తాల్సిన పని ఉండదు.

పొద్దున ముళబాగిలు బస్సులో పోయే తొమ్మిది, పది తరగతుల పిల్లల తల్లిదండ్రులు ఒకసారి నన్ను కలవండి. జూన్‌కు ఇంకా సమయముంది. ఆ అబ్బాయి టీసీ మీద నేను ఇంకా సంతకం పెట్టలేదు. "చదువు మానుకున్నాడు" అని రాసి పెట్టను. హైస్కూలు పేరు రాసి పెడతాను.

మీ హెడ్‌మాస్టరు